2024–25 వార్షిక నివేదిక: మన కాలనీ సంఘం నిర్వహించిన పరిశోధన ప్రసంగాలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం ప్రకారం ఈ ఏడాది మన సంఘం కొత్తగా చేపట్టిన కార్యక్రమం, పరిశోధక విద్యార్థులను పిలిపించి వారి పరిశోధనను కాలనీవాసులకు అర్థమయ్యే తెలుగులో చెప్పించడం. తాగునీరు, వీధి దీపాలు, పార్కు నిర్వహణ వివరాలనూ జమాఖర్చుల పట్టికనూ కోశాధికారి విడిగా సమర్పిస్తున్నారు గనుక, నా నివేదికను ఈ ప్రసంగాలకే పరిమితం చేస్తున్నాను.

ఈ ఆలోచన పుట్టింది మన మేడ మీది గదుల్లోనే. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి మన తిరుపతి చదువుల ఊరు. తరువాత 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, విజ్ఞాన శాస్త్రాల బోధన, పరిశోధనల సంస్థ ఐసర్ వచ్చాయి. సంస్కృత విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉన్నాయి. మన కాలనీలో పరిశోధక విద్యార్థికి గది అద్దెకివ్వని వీధి లేదు. అయినా మన పైగదిలో నాలుగైదేళ్లుగా ఉంటున్న అమ్మాయి ఏం పరిశోధిస్తోందని ఎవరైనా అడిగితే, ‘పీహెచ్‌డీ చేస్తోంది’ అన్న దగ్గరే మన జవాబు ఆగిపోయేది. ఆ అమ్మాయి చెప్పడానికి ఇష్టపడక కాదు, అడిగే సందర్భాన్ని మనం కల్పించలేదు.

మొదటి సభలో పెద్దలు అడిగిన ప్రశ్న, వైద్యం చేయని వారిని డాక్టరని ఎందుకంటారన్నది. ‘డాక్టర్’ అన్న మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు బోధించడం అని అర్థం. ఆ బిరుదు మొదట బోధకుడిదే, వైద్యుడికి తరువాత అంటుకుంది. పరిశోధక విద్యార్థి అప్పటికే తెలిసిన విషయాలను నేర్చుకొని అప్పగించడంతో సరిపోదు. ఎంత చిన్నదైనా సరే, అంతవరకు ఎవరికీ తెలియని ఒక విషయాన్ని సాక్ష్యంతో నిలబెట్టాలి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ఇందుకు కనీసం 3 సంవత్సరాలు, సాధారణంగా గరిష్ఠంగా 6 సంవత్సరాల గడువు ఉంటుంది. మహిళలకూ దివ్యాంగులకూ మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. కోర్సు వర్కు పరీక్షలు, పర్యవేక్షకుల ఆమోదం, సిద్ధాంత వ్యాసం, బయటి పరీక్షకుల మూల్యాంకనం, చివరన మౌఖిక పరీక్ష అన్న ఈ క్రమం వివరంగా తెలిశాక, ‘ఇంకా ఎన్నాళ్లు చదువుతావమ్మా’ అని అడగడం మానేశామని పలువురు సభ్యులు నాతో అన్నారు.

అయితే మొదటి రెండు ప్రసంగాలు ఫలించలేదని చెప్పక తప్పదు. వక్తలు తమ విభాగంలో చూపించే ఇంగ్లీషు స్లైడ్లనే తెచ్చి, వాటిని తెలుగు క్రియలతో ముగించి చదివారు. సగం మంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఇందులో తప్పు వక్తలది కాదు, మాది. ఎవరికి చెప్పాలో, వారికి ఏం తెలుసో, ఏం తెలియదో మేము ముందుగా వారికి చెప్పలేదు. అందుకే మూడో నెల నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. సభకు వారం ముందు వక్త ఇద్దరు శ్రోతల ఎదుట ప్రసంగాన్ని ఒకసారి చెప్పి చూసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు విశ్రాంత ఉపాధ్యాయురాలు, మరొకరు ఇంటర్ చదివే విద్యార్థి. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ చేయి ఎత్తడమే వారి పని. ఈ ఏడాది మేము చేసిన పనులన్నిటిలోనూ మేలైనది ఇదేనని నా అభిప్రాయం.

ఆ నియమం తరువాత జరిగిన మొదటి ప్రసంగం చెనక్కాయ మీద. వక్త మొక్కల తెగుళ్ల శాస్త్రంలో పరిశోధన చేస్తున్న యువకుడు. తన సిద్ధాంత వ్యాసం పేరు చెప్పకుండా, రెండు పళ్లాల్లో వేరుసెనగ గింజలు పోసి వరుసల్లోకి పంపించాడు. ఒకదాంట్లో మంచివి, మరొకదాంట్లో ముడతలు పడి రంగు మారినవి. ఆ తరువాత 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయిన కథ చెప్పాడు. కారణం వెతుకుతూ పోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుసెనగ చెక్కలోని ఒక బూజు దగ్గర అది తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ శిలీంధ్రం పేరులోని అక్షరాలతోనే, అది తయారుచేసే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. కాయ ఊరే దశలో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే ఈ బూజు భూమిలో ఉండగానే కాయలోకి చేరుతుందని, పీకిన చెట్లను పచ్చిగా కుప్ప పోస్తే మరింత పెరుగుతుందని ఆయన చెప్పినప్పుడు, సభలోని రైతు కుటుంబాలవారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విషం కంటికి కనబడదు, మామూలు వంట వేడికి పోదు, కాలేయానికి హాని చేస్తుంది, పాడైన చెక్క తిన్న పశువు పాలలోనూ రూపం మార్చుకొని కనిపిస్తుంది. దీన్ని కొలిచే మైక్రోగ్రాముల లెక్కకు ఆయన ఇచ్చిన పోలిక ఇది: కిలో పప్పులో ఒక మైక్రోగ్రాము అంటే వంద కోట్ల పాళ్లలో ఒక పాలు. అంత కొంచెమా అని పిల్లలు ఆశ్చర్యపోయారు.

ఈ ప్రసంగంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది చివరి పావుగంట. చంద్రగిరి వైపు నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన లేచి, ‘మూటలో ఏ మూల నుంచి గింజలు తీసి పరీక్ష చేశావు నాయనా?’ అని అడిగారు. పరిశోధకుడు ఒక క్షణం ఆగి, తన పనిలో అన్నిటికంటే కష్టమైన భాగాన్నే ఆయన అడిగారని అన్నాడు. ఈ విషం బస్తా అంతటా సమంగా ఉండదు. వేల గింజలు శుభ్రంగా ఉండి ఏ కొన్ని గింజల్లోనో మెండుగా ఉంటుంది కాబట్టి, ఒక్క పిడికెడు తీసి పరీక్షిస్తే ఫలితం మోసం చేయవచ్చు. చాలా చోట్ల నుంచి కొంచెం కొంచెంగా తీసి, కలిపి, పొడిచేసి, అందులోంచి నమూనా తీసుకోవాలి. ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా, నమూనా తీయడంలో జరిగిన పొరపాటును అది దిద్దలేదు. పరిశోధన పద్ధతి అంటే ఏమిటో మా అందరికీ ఆ ఒక్క ప్రశ్నతో, ఆ ఒక్క జవాబుతో అర్థమైంది.

వాతావరణ శాస్త్రం మీద జరిగిన ప్రసంగానికి జనం ఎక్కువగా వచ్చారు. చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి మనందరం చూసిన ఊరే, అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఏం జరుగుతుందో మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు. పై వాతావరణంలోని గాలుల కదలికను కొలిచే అక్కడి ఎంఎస్‌టీ రాడారులో 1024 యాగీ యాంటెన్నాలు ఉన్నాయనీ, దూరదర్శన్ రోజుల్లో మన మేడల మీద కాకులు వాలిన యాంటెన్నా కూడా ఆ రకమేననీ వక్త చెప్పగానే, సభ ఆమెతో కలిసి నడిచింది. విమానం గానీ మేఘం గానీ లేని ఖాళీ ఆకాశం నుంచి రాడారుకు ప్రతిధ్వని ఎలా వస్తుంది? ఎండాకాలంలో తారురోడ్డు మీద గాలి కదలాడినట్టు కనిపించడాన్ని ఆమె గుర్తు చేశారు. వేడి, తేమ ఒక్క తీరుగా లేని గాలిలో కాంతి ఎలా వంగుతుందో, రేడియో తరంగాలు కూడా గాలిలోని చిన్న చిన్న సుడుల వల్ల అలా చెదిరి, కొద్ది భాగం వెనక్కి వస్తాయి. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఈ రాడారుకు మూడు మీటర్లకు కాస్త తక్కువ పరిమాణం గల సుడులు కనిపిస్తాయి. గాలి మన వైపు వీస్తోందా, దూరంగా పోతోందా అన్నది, రైలు దాటిపోయే క్షణంలో కూత స్వరం ఎలా దిగిపోతుందో అదే సూత్రంతో తెలుస్తుంది. ఆమె సొంత పరిశోధన ఇందులో ఒక చిన్న ముక్క మాత్రమేననీ, ఉరుములతో కూడిన మేఘాలు పైకెగసే వేళ గాలి నిలువుగా ఎంత వేగంతో కదులుతుందో చూడడమే తన పని అనీ నిజాయతీగా చెప్పారు. పెద్ద విషయంలో తన వాటా ఎంతో వేరుచేసి చెప్పడం ప్రతి వక్త నుంచీ మేము కోరుతున్నది.

సామాన్యులకు చెప్పడంలో కష్టమంతా భౌతిక, గణిత శాస్త్రాలదేనని మేము మొదట అనుకున్నాం. అది సరికాదని అనుభవంలో తెలిసింది. రాడారు గురించి మనకు ఏమీ తెలియదు కాబట్టి వింటాం. భాష, పాట, ఆచారం గురించి మనకు ముందే తెలుసునన్న నమ్మకంతో కూర్చుంటాం. అన్నమాచార్యుల సంకీర్తనల భాష మీద పరిశోధిస్తున్న విద్యార్థిని ప్రసంగం నాటి సాయంత్రం ఇదే జరిగింది. పాడుతుందని వచ్చిన వారు కొందరు, స్తుతిస్తుందని వచ్చిన వారు మరికొందరు. ఆమె తీసుకున్న అంశం, రాగిరేకుల మీద ఉన్న మాటలు పదిహేనో శతాబ్దపు వాడుక భాష గురించి ఏం చెబుతాయన్నది. రేకుల మీద సాధారణంగా ప్రతి సంకీర్తనకూ రాగం పేరు ఉంటుంది గాని స్వరలిపి ఉండదని, అందువల్ల ఇవాళ మనం వినే బాణీల్లో ఎక్కువ భాగం ఆధునిక కాలపు సంగీతజ్ఞులు కూర్చినవని ఆమె చెప్పినప్పుడు సభలో కొంత అలజడి రేగింది. చిన్నప్పటి నుంచి పాడుకుంటున్న ఒక పెద్దావిడ కన్నీరు పెట్టుకున్నారు కూడా. పరిశోధకురాలు వాదనకు దిగలేదు. సాహిత్యం ఆ మహాకవిదనడానికి రాగిరేకు సాక్ష్యం ఉంది, బాణీ ఆయనదేననడానికి అలాంటి సాక్ష్యం మన చేతిలో లేదు, ఈ రెండు మాటలను కలిపి చెప్పకూడదన్నదే తాను నేర్చుకున్న శాస్త్రమని మృదువుగా వివరించారు. ఆ పెద్దావిడ తరువాతి రెండు సభలకూ వచ్చారని సంతోషంగా తెలియజేస్తున్నాను.

శ్రీకాళహస్తి కలంకారి రంగుల రసాయనాన్ని వివరించిన ప్రసంగంలో, కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నలుపు ఎలా పుట్టిస్తాయో గుడ్డ ముక్క మీదే చూపించారు. బెల్లం నీటిలో పాత ఇనుప ముక్కలను ఊరవేసి తీసిన ద్రవాన్ని కరక్కాయ పట్టిన గుడ్డకు తాకించగానే గీత నల్లబడడం పిల్లలు పదేపదే అడిగి చూశారు. గణితశాస్త్ర ప్రసంగం ఒకటి ఏర్పాటు చేశాం గాని, అందులో మేము చాలినంత సహకరించలేకపోయాం. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నిస్తాం.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మూడు నిమిషాల పద్ధతిని కూడా పరీక్షించాం. ఇది 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అక్కడ అప్పుడు కరువు. నీటి పొదుపు కోసం ఇళ్లలో మూడు నిమిషాల గడియారం పెట్టుకొని స్నానం ముగించేవారట. సిద్ధాంత వ్యాసాన్ని కూడా అంత కొద్ది వ్యవధిలో, ఒకే ఒక చిత్రంతో చెప్పగలరా అన్న ఆలోచన దాని నుంచి వచ్చింది. నీటి కరువు తెలిసిన రాయలసీమ వాళ్లకు ఈ కథ బాగా పట్టింది. అయినా నా అభిప్రాయం చెప్పవలసి వస్తే, మూడు నిమిషాలు కుతూహలం రేపడానికి చాలుతాయి, రైతు పెద్దాయన అడిగినలాంటి ప్రశ్న పుట్టడానికి చాలవు. కాబట్టి నెలవారీ ప్రసంగానికి 40 నిమిషాలు, ప్రశ్నలకు మరో 30 నిమిషాలు కేటాయించే పద్ధతినే కొనసాగించాలని కార్యవర్గం నిర్ణయించింది.

పారిభాషిక పదాల విషయంలో కొంత చర్చ జరిగింది. ‘పరికల్పన’, ‘నియంత్రిత ప్రయోగం’ వంటి మాటలు రాతలో సరిపోయినా, చెవికి వెంటనే అందలేదు. నియంత్రిత ప్రయోగాన్ని వివరిస్తూ ‘పోల్చి చూడడానికి మందు వేయకుండా వదిలిన మడి’ అంటే అందరికీ తెలిసింది. రాడారు, యాంటెన్నా, బూస్టర్ డోసు వంటి మాటలను తెలుగు చేయబోవడం అనవసరమని కూడా అర్థమైంది. వక్తలకు శాలువా, జ్ఞాపిక ఇచ్చే ఆనవాయితీని వారి సమ్మతితోనే మానుకొని, ఆ డబ్బుతో ప్రతి ప్రసంగానికీ ఒక పేజీ తెలుగు సారాంశాన్ని అచ్చువేసి పంచాం. మిగిలిన ప్రతులు సంఘం కార్యాలయంలో ఉన్నాయి.

లోతుగా చదవాలనుకునే సభ్యులకు ఒక సూచన. భారతదేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలను భద్రపరిచే శోధగంగ అనే భాండాగారం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం నిర్వహణలో ఉంది, అందులోని వ్యాసాలను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. తెలుగు శాఖల్లో తెలుగులోనే రాసిన వ్యాసాలు కూడా అక్కడ దొరుకుతాయి. ఆదివారం ఉదయాల్లో కార్యాలయంలోని కంప్యూటరు మీద వెతికి చూపించడానికి ఇద్దరు విద్యార్థులు ముందుకొచ్చారు.

రాబోయే సంవత్సరానికి కార్యవర్గం సభ్యుల ముందు ఉంచుతున్న ప్రతిపాదనలు రెండు. పుంగనూరు ఆవుల సంరక్షణ, శేషాచలం కొండల రాళ్ల వయసు అన్న అంశాల మీద ప్రసంగాలు కోరుతూ కొందరు సభ్యులు రాసి ఇచ్చారు. వాటికి తగిన పరిశోధకులు మీ ఇళ్లలో అద్దెకుంటే దయచేసి మాకు తెలియజేయండి. రెండోది, ముందస్తు శ్రోతల బాధ్యత ఈ ఏడాదంతా ఒకే ఇద్దరి మీద పడింది. ఇంటర్ విద్యార్థి పై చదువుకు వేరే ఊరు వెళుతున్నాడు. ఆ స్థానంలోకి వచ్చేవారు విజ్ఞాన శాస్త్రం చదివి ఉండనక్కరలేదు, అర్థం కానప్పుడు మొహమాటం లేకుండా చేయి ఎత్తగలిగితే చాలు. ఆసక్తి గలవారు ఈ నెలాఖరులోగా కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలని కోరుతున్నాను.

— కార్యదర్శి