ఏటీపీ పాఠంలో కూడిక నేర్పితే సరిపోదు

సంపాదకులకు,

కణానికి శక్తినందించే అణువు ఏటీపీ. దాని గురించి ఇంటర్, నీట్ విద్యార్థుల కోసం పత్రికల్లో వచ్చే పాఠాల్లో 'ఏటీపీలో ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి విడుదలవుతుంది' అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. బట్టీకి అనువుగా ఉంటుందని కాబోలు! బంధం ఏదైనా, తెంచడానికి శక్తి పెట్టాల్సిందే. నీటితో చర్య జరిగాక ఏర్పడే ఏడీపీ (ఒక ఫాస్ఫేట్ పోయిన ఏటీపీ), ఫాస్ఫేట్‌లు మరింత స్థిరమైనవి కాబట్టే మొత్తం మీద స్వేచ్ఛాశక్తి (పని చేయడానికి అందుబాటులో ఉండే శక్తి) తగ్గుతుంది.

గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్‌ను నేరుగా తగిలిస్తే ప్రమాణ (నిర్ణీత పరిస్థితుల్లోని) స్వేచ్ఛాశక్తి మార్పు మోల్‌కు +13.8 కిలోజౌళ్లు. ఏటీపీ జలవిశ్లేషణకు (నీటితో విడిపోవడానికి) −30.5. కలిపితే −16.7. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్రతి 5.7 కిలోజౌళ్లకు సమతాస్థితి స్థిరాంకం (చర్య ఎంతవరకు ముందుకు సాగుతుందో చెప్పే సంఖ్య) పది రెట్లు మారుతుంది, అలా 0.004 దగ్గరున్నది సుమారు 840కి చేరుతుంది. ఏటీపీకి −7.3 కిలోకాలరీలు తీసుకుని, వాయు స్థిరాంకం మాత్రం జౌళ్లలోని 8.314 వేసేవాళ్లకు ఇది రాదు.

ఈ కూడికతో ఆపేస్తే అసలు సంగతి జారిపోతుంది. గ్లూకోజ్ పక్కనే ఏటీపీ నీటితో విడిపోతే వచ్చేది వేడి, గ్లూకోజ్‌కు ఒరిగేదేమీ లేదు. ఈ చర్యను నడిపే ఎంజైము హెక్సోకైనేజ్‌లో గ్లూకోజ్ కుదురుకోగానే ఎంజైము రెండు భాగాలూ దగ్గరకు ముడుచుకుని నీటిని బయటికి నెట్టేస్తాయి. ఏటీపీ చివరి ఫాస్ఫేట్ సరాసరి గ్లూకోజ్ ఆరో కార్బన్ మీది ఆక్సిజన్‌కు చేరుతుంది. బదులుగా జైలోజ్ అనే చక్కెర ఇచ్చి చూడండి. దానికి ఆరో కార్బన్ లేదు. ఆ ఖాళీలో నీటి అణువు దూరి ఫాస్ఫేట్‌ను తన్నుకుపోతుంది, ఏటీపీ వృథా. చర్యలు జతపడటమంటే ఈ చేతిమార్పిడే.

పైగా −30.5 అన్నది ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ మూడూ 1 మోలార్ గాఢతలో ఉన్నప్పటి మాట. ఎర్ర రక్తకణంలో ఏటీపీ 2.25, ఏడీపీ 0.25, ఫాస్ఫేట్ 1.65 మిల్లీమోలార్లు అనుకుంటే విలువ −52 దగ్గరకు వస్తుంది. మిల్లీమోలార్లను మోలార్లలోకి మార్చడం మరిచిపోతే −35 దగ్గరే ఆగిపోతుంది. సమతాస్థితిలో సున్నా అయ్యేది వాస్తవ గాఢతలతో వచ్చే ఈ అసలు స్వేచ్ఛాశక్తి మార్పే, ప్రమాణ విలువ కాదు.

కాబట్టి అభ్యాస ప్రశ్నల్లో కణంలోని గాఢతలు కూడా ఇవ్వండి. గ్లూకోజ్‌ను విడగొట్టే గ్లైకాలిసిస్‌లో ఆల్డొలేజ్ అనే ఎంజైము నడిపే చర్యతో మొదలుపెట్టవచ్చు: ప్రమాణ విలువ +23.8 కిలోజౌళ్లు, అయినా ఉత్పన్నాలను తర్వాతి చర్యలు ఎప్పటికప్పుడు వాడేసుకుంటాయి కాబట్టి కణంలో ముందుకే నడుస్తుంది.

— జీవరసాయన శాస్త్ర అధ్యాపకులు, హనుమకొండ