మామా, వాచకం పక్కన పెట్టొద్దు

మామా,

బాగుండావా? అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నీకు ఈసారి నాలుగో తరగతి ఇచ్చినారనీ, తెలుగు వాచకం తెరిస్తే సగం మంది ఒక్క లైను కూడా చదవలేకపోతున్నారనీ, దాన్ని మూసేసి అందరికీ అ ఆల నుంచి మొదలుపెడదామనుకుంటున్నాననీ ఫోన్లో అన్నావు. ఆ ఆఖరి మాట విన్నప్పటి నుంచి మనసు ఊరుకోలేదు. ఫోన్లో తెమిలే సంగతి కాదని రాస్తున్నా.

వాచకం మూయొద్దు. ముందు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. పిల్లలు ఎంతవరకు చదవగలరో చూసేదానికి 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఊరూరా తిరిగి చేసే ఏసర్ సర్వే చూసినావు కదా, అందులో చదివించే ఆ ఒక్క కాగితం చాలు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయిలో చిన్న పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. అంతే. అయిదు అక్షరాలు చూపిస్తే నాలుగు చెప్పగలిగితే అక్షరాలు వచ్చినట్టు లెక్క. పిల్లోడికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

అందరూ ఒకే గొంతుతో చదివేదాన్ని మాత్రం నమ్మొద్దు మామా. మా తరగతిలో ఒక పిల్లోడు పాఠం గడగడా అప్పజెప్పేస్తాడు, వేలు రెండు లైన్ల కింద ఎక్కడో ఉంటుంది. మధ్యలో ఒక పదం చూపించి "ఇదేంది నాయనా" అంటే, మొదటి లైను నుంచి మళ్ళీ పాడుకుంటూ ఆ పదం దాకా వచ్చి చెబుతాడు. చెవితో నేర్చుకున్నదంతా వాడి నోట్లో ఉంది, కంటికి ఇంకా అందలేదు. ఇంకో పాప 'గట్టు'ను 'గటు' అంటుంది, 'కప్ప'ను 'కప' అంటుంది. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వత్తుల దగ్గర ఆగిపోయింది. ఈ పాపతో మళ్ళీ అ ఆలు దిద్దిస్తే ఎంత అన్యాయమో నువ్వే చెప్పు.

అట్లాగే మన పక్క అరవం మాట్లాడే ఇళ్ళ పిల్లలుంటారు కదా. వాళ్ళు 'ఘ'ను 'గ' అని, 'ధ'ను 'ద' అని చదివితే తప్పు కింద వేయొద్దు. తమిళ లిపిలో ఆ అక్షరాలకు వేరు వేరు గుర్తులే లేవు. చదివినదాని అర్థం చెప్పగలిగితే ఆ పిల్లకు చదవడం వచ్చినట్టే. పలికేది నిదానంగా కుదురుకుంటుంది.

ఇంక వాచకం ఎందుకు వదలకూడదో చెప్తా. చదవలేని పిల్లోడికి అర్థం చేసుకునే శక్తి లేదని అనుకునేస్తాం. ఆ రెండూ వేరు. పాఠం నువ్వు పైకి చదివి వినిపించు, మెల్లగా, ఆగి ఆగి, గొంతు మారుస్తా. చెరువు పాఠమైతే చెరువు గురించి అడుగు. మా బడిలో ఎప్పుడూ ఆఖరు వరసకు జరిగే అబ్బోడు చెరువు తూము ఎట్లా తెరుస్తారో, తెరిచినాక నీళ్ళు ముందు ఎవరి మడికి పోతాయో చెప్తా ఉంటే, గడగడా చదివే పిల్లలంతా నోరు తెరుచుకుని విన్నారు. మళ్ళీ అ ఆల పుస్తకం చేతికిచ్చి ఉంటే వాడు ఆ మాట ఎక్కడ చెప్పేవాడు? నాలుగో తరగతి మాటలు, నాలుగో తరగతి ఆలోచన వాడికీ కావాలి. వినేదీ మాట్లాడేదీ అందరికీ ఒకటే పాఠం. కంటితో చదివేది మాత్రం ఎవరి మెట్టు వాళ్ళది.

ఎట్లా అంటావా? అదే చెరువు పాఠం తీసుకో. అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళకు చెరువు, చేప, నీరు, తామర, ఈ నాలుగు మాటలు అట్టముక్కల మీద రాసివ్వు. పాఠంలో అవి ఎక్కడెక్కడున్నాయో వెతికి గీత గీయమను. పదాలు వచ్చినవాళ్ళకు నువ్వే కట్టివ్వు: "చెరువు నిండింది. చేపలు కనబడినాయి. కొంగ దిగింది." చూడు, వత్తు ఒక్కటీ లేదు, అయినా పాఠంలోని సంగతే. వత్తుల దగ్గర ఆగినవాళ్ళకు గట్టు, కప్ప, బుట్ట, తర్వాత "గట్టు మీద కప్ప ఉంది." మిగిలినవాళ్ళు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతారు. పాత క్యాలెండర్ల వెనకపక్క, ఒక స్కెచ్ పెన్ను చాలు. పాఠానికి ఒకసారి రాసి పెట్టుకుంటే వచ్చే ఏడు కూడా పనికొస్తాయి.

ఇది నా సొంత తెలివి కాదు మామా. మనం చదువుకునేటప్పుడు మన జిల్లాలోనే ఉన్న మదనపల్లె పక్కన ఋషివ్యాలీ బడి వాళ్ళు పల్లె బడుల కోసం ఎప్పుడో చేసి చూపించినారు. ఒకే టీచరు అన్ని తరగతులూ చూసుకునే చోట, పుస్తకం బదులు కార్డులు తయారుచేసి నిచ్చెన మెట్ల వరసలో పెట్టినారు. పిల్లోడు తన మెట్టు తానే చూసుకుని కార్డు తీసుకుంటాడు, అది వచ్చినాక పై మెట్టుకు పోతాడు. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు ఆ దారి పట్టినాయి, తర్వాత తమిళనాడు అంతా పాకింది. మనకు పుస్తకం తీసేసే వీలు లేదు, తీసేయాలని నాకూ లేదు. ఆ మెట్ల పద్ధతిని పుస్తకంలోకే తెచ్చుకుంటే సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. ఈ గుంపులకు పేర్లు పెట్టొద్దు, బెంచీలు వేరు చేయొద్దు. స్టాఫ్ రూముల్లో "డల్ బ్యాచ్" అనే మాట వింటే నాకు కడుపు మండిపోతుంది. జూన్‌లో పదాల దగ్గరున్న పిల్ల ఆగస్టుకు పేరా చదవొచ్చు, మనం చూడకపోతే ఏడాదంతా అక్కడే కూర్చుంటుంది. నెలకొకసారి మళ్ళీ చదివించి మార్చు.

బాగా చదివేవాళ్ళనూ మరిచిపోవద్దు. వాళ్ళు ముందే ముగించి కిటికీలోంచి చూస్తా కూర్చుంటారు. లైబ్రరీ బీరువా తాళం తీసి కథల పుస్తకాలు బయటపెట్టు, చిరిగిపోతే పోనీ.

తనిఖీకి వచ్చినవాళ్ళు సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. అందరూ అదే పాఠంలో ఉన్నారు కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు. లెక్కల పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంది కదా, ఆ తెలుగు పేజీ చదవలేని పిల్లోడికి లెక్క వచ్చినా మార్కు రాదు. అందుకే ఈ ఒక్క తెలుగు గంట మీద ఇంత పట్టుబడుతున్నా.

నా దగ్గర మూడు పాఠాలకు అట్టముక్కలు తయారుగా ఉన్నాయి, శనివారం చిత్తూరు బస్టాండుకు వస్తే ఇస్తా. దసరా సెలవులకు ముందు ఇంకోసారి అందరినీ చదివించి, ఎవరు ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు పోయినారో రాయి. కదలనివాళ్ళ సంగతి ముందు రాయి, వాళ్ళ గురించే ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి.

ఉంటా మామా.