నరసాపురం ఆటో తమ్ముడికి, ఆటపాక అక్కకి, మేం చూడని ఆ చెల్లెమ్మకి

పోయిన ఆదివారం అమ్మని తీసుకుని నరసాపురం, అక్కణ్ణించి కొల్లేరు వెళ్లొచ్చాం. ఆ రోజు ఆదుకున్న ముగ్గురికీ ఫోన్లో థాంక్స్ చెప్పాను గానీ మనసు నిండలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు.

మా అమ్మమ్మది నరసాపురం పక్క పల్లె. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ చుట్టుపక్కల ఇంటింటి పనైంది. అమ్మమ్మ బతికినంతకాలం కూలికే అల్లింది. తన ఇంటి కోసమని మొదలుపెట్టింది ఒకే ఒక్క గుండ్రటి బల్లగుడ్డ. అది సగంలో ఉండగానే పోయింది. అమ్మ దాన్ని అలాగే దాచింది, సూది కూడా ఆఖరి ముడిలోంచి తియ్యలేదు. దానికి సరిపడే దారం నరసాపురంలో కొనుక్కుని తనే పూర్తి చేస్తానని ఈసారి వెంట తెచ్చుకుంది.

పొద్దున్నే రైలు దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆ తమ్ముడు మమ్మల్ని ముందు వలంధర రేవుకి తీసుకెళ్లాడు. హాలండువాళ్లని మనవాళ్లు వలందులనేవారు, ఆ పేరే రేవుకి నిలిచిపోయిందంటారు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ల వర్తకం ఇక్కడ జరిగింది. వశిష్ఠ గోదావరి నిండుగా ఉంది. అవతల సఖినేటిపల్లి వైపు పంటు, అంటే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ, వెళ్తుంటే అమ్మ మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత మాధవాయిపాలెం. ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీ ఉన్న చోటు, ఫ్యాక్టరీ అంటే అప్పట్లో సరుకు కొని దాచే గిడ్డంగి. ఇక్కడి గుడ్డ ఓడలెక్కి వెళ్లి ఊరి పేరుతోనే చలామణీ అయింది. ఫ్రెంచి నిఘంటువుల్లో ఈనాటికీ 'మాడపొలాం' అంటే ఒక రకం నూలుగుడ్డ. ఈ సంగతి చెబితే ఆటో తమ్ముడు బండి ఆపి మరీ విన్నాడు. "మా ఊరేనాండీ!" అన్నాడు.

అక్కణ్ణించి కారులో భీమవరం, ఆకివీడు మీదుగా ఉప్పుటేరు దాటి కొల్లేరు ఒడ్డునున్న ఆటపాక చేరాం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేట్లో చేరి, ఈ ఉప్పుటేరు దారినే సముద్రానికి పోతాయి. 2002 నుంచి కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల్లో, అంటే ప్రపంచ స్థాయిలో ముఖ్యమైనవిగా గుర్తించిన వాటిలో, ఒకటి. పడవలో దగ్గరికి వెళ్తే గూడబాతులు (పెలికాన్లు)! అటవీశాఖవాళ్లు పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు. ఒక పిల్ల తల్లి గొంతులోకి తలంతా దూర్చి చేప తింటోంది. అమ్మ చిన్నపిల్లలా నవ్వింది.

ఒడ్డుకి వచ్చాక తెలిసింది, బల్లగుడ్డ పెట్టుకున్న సంచి లేదు. ఆటోలో మర్చిపోయాం. దించి పెట్టాల్సింది నేను, తప్పు నాదే. ఆటో నంబరు గానీ ఫోన్ నంబరు గానీ మా దగ్గర లేదు. అమ్మ ఒక్క మాట అనలేదు, అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

టీ కొట్టు అక్క మా మొహాలు చూసి అడిగింది. చెప్పగానే, "కంగారు పడకండి పెద్దమ్మగారూ" అని నరసాపురంలో ఉన్న తన పిన్ని కొడుక్కి ఫోన్ చేసింది. అతను స్టేషన్ దగ్గర ఆటోస్టాండుకి వెళ్లి, పొద్దున్న ఒక పెద్దావిడని వలంధర రేవుకి ఎవరు తీసుకెళ్లారని ఒక్కొక్కర్నీ అడిగాడట. అరగంటలో ఫోన్ వచ్చింది. ఆ తమ్ముడు అప్పటికే సంచి చూసుకుని, మా కోసం స్టేషన్‌కి రెండుసార్లు వచ్చి వెళ్లాడట. టీ డబ్బులు కూడా తీసుకోలేదు ఆ అక్క.

సాయంత్రం భీమవరం టౌన్ స్టేషన్‌లో మా రైలు వేళకి ఆటో తమ్ముడే బస్సులో వచ్చి సంచి చేతికిచ్చాడు. బస్సు చార్జీ ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అమ్మ అక్కడే బెంచీ మీద సంచి విప్పింది. బల్లగుడ్డని తెల్లటి తువాలులో చుట్టి ఉంచారు. సూది విడిగా కాగితంలో ఉంది. ఆఖరి ముడికి చిన్న పిన్నీసు. ఆటో కుదుపులకి సూది జారిపోయిందట. లేసులో ఆ ఒక్క ముడి వదులైతే వరసంతా ఊడిపోతుంది. "మా ఆవిడ కూడా లేసు అల్లుద్దండీ. చూడగానే పిన్నీసు పెట్టేసింది" అన్నాడు.

చెల్లెమ్మా, నిన్ను మేం చూడలేదు. అమ్మమ్మ వేసిన ముడి ఒక్కటి కూడా ఊడలేదు. అమ్మ నిన్నటి నుంచి అల్లడం మొదలుపెట్టింది. నీ తువాలు ఉతికి, పిన్నీసు దానికే గుచ్చి ఉంచింది. సంక్రాంతికి తనే తెచ్చి నీ చేతికిస్తానంటోంది.