బ్యారక్స్‌లోని కుర్రాళ్ల గురించీ రాయండి

సంపాదకుల గారికి,

రెండో ప్రపంచ యుద్ధం మీద మీరు వేసే వ్యాసాలను వదలకుండా చదువుతాను. అవి ఎక్కువగా 1945తో ఆగిపోతాయి. ఆ తర్వాత జర్మనీలో ఉండిపోయిన బ్రిటిష్ సైనికుల రోజువారీ బతుకు మీద కూడా ఒక వ్యాసం వేయమని నా మనవి.

వాళ్లలో చాలామంది నిర్బంధ సైనిక సేవకు వచ్చిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు. 1950 నుంచి ఆ సేవ రెండేళ్లు. నిన్నటిదాకా హిట్లర్ సైన్యం ఉన్న గట్టి ఇటుక కట్టడాలే వీళ్ల బ్యారక్స్. పొద్దున్నే లేవడం, బూట్లు అద్దంలా మెరిపించడం, దుప్పటి మడతలో చిన్న తేడా వస్తుందేమోనని టెన్షన్. కొన్నేళ్లు క్యాంటీన్‌లో మామూలు డబ్బు చెల్లలేదు, సైన్యం ముద్రించిన వోచర్లే చెల్లేవి. బ్లాక్ మార్కెట్‌ను అడ్డుకోవడానికి ఆ ఏర్పాటు.

నన్ను బాగా కదిలించింది ఉత్తర జర్మనీలోని హోనె బ్యారక్స్ కథ. నాజీల బెల్సెన్ నిర్బంధ శిబిరం విముక్తి అయ్యాక, టైఫస్ అనే అంటు జ్వరం భయంతో అక్కడి గుడిసెలను బ్రిటిష్ సైన్యం తగలబెట్టింది. ప్రాణాలతో మిగిలినవాళ్లను దగ్గర్లో హోనెలో ఉన్న జర్మన్ సైనిక బ్యారక్స్‌కు మార్చారు. 1950 దాకా అక్కడ శరణార్థులున్నారు. అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. తర్వాత ఆ గదుల్లోకే బ్రిటిష్ కుర్రాళ్లు వచ్చారు. ఆ గోడల మధ్య నిద్రపోయిన కుర్రాడికి అంతకుముందు అక్కడ ఎవరున్నారో ఎవరైనా చెప్పారా? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

జనరల్స్ గురించి చాలా చదివాం. ఈ కుర్రాళ్ల గురించీ చదవాలని ఉంది.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం