కళామందిరం అధికారి గారికి: శిలాఫలకానికి పెట్టిన దీపం బొమ్మలకూ పెట్టించండి

అయ్యా,

నమస్కారం. నెలనెలా మీ కళామందిరంలో పదిమందీ కలిసి బొమ్మలు చూసి మాట్లాడుకునే కళాచర్చ పథకం గురించి మీకు మేం కొత్తగా చెప్పేదేమీ లేదు. రిబ్బను కత్తిరించింది మీరే, ఆ రోజు వెలుతురు సంగతి తప్పకుండా చూస్తామన్నదీ మీరే. ఆ మాట పట్టుకుని తమిళంలోనూ, తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ అర్జీలు పెట్టుకున్నాం. జవాబు ఏ భాషలోనూ రాలేదు. ఈలోగా గుమ్మం పక్కన గ్రానైటు శిలాఫలకం మాత్రం వెలిసింది. దాని మీదికి చక్కటి స్పాట్‌లైటు. పేర్లన్నీ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తున్నాయి, సంతోషం.

లోపల బొమ్మలే కనిపించడం లేదు.

బొమ్మలున్న గోడకు సరిగ్గా ఎదురుగోడ మీద ట్యూబ్‌లైట్లు బిగించారు. అద్దం వేసిన ఏ ఫ్రేము ముందు నిలబడినా అందులో ట్యూబ్‌లైటు, తిరిగే ఫ్యాను, మన మొహం. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు నీటిరంగుల బొమ్మకు మంచి ప్రింటు తెచ్చిపెట్టామనుకోండి. పలచటి రంగు ఎక్కడ ఆగిందో, దాని మీద రెండో పొర ఎక్కడ మొదలైందో పదిమందీ కలిసి చూడాలి. ఒకరు చూపించింది ఇంకొకరికి కనబడితేనే వాదన పుడుతుంది. నీలిఛాయ తెల్ల వెలుతురిచ్చే ఆ 6500 కెల్విన్ చౌక దీపాల కింద ఒంటిరంగులోని ఎరుపు చచ్చి బూడిదైపోతుంది. బొమ్మ కనబడకపోతే మాటలు చిత్రకారుడి జాతకం మీదికి మళ్లుతాయి: 1897లో పుట్టాడు, 1925లో నిండా 28 ఏళ్లయినా రాకుండానే పోయాడు, అయ్యో పాపం. గంట అయిపోతుంది. దీనికి కళామందిరం దాకా రావాలా?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. కప్పుకు ఒక ట్రాకు, దానికి సీఆర్ఐ (దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90కి తగ్గని ఎల్ఈడీ స్పాట్‌లైట్లు, నిలువుకు సుమారు 30 డిగ్రీల వాలులో. అంతకంటే వాలిస్తే అద్దంలో మెరుపు, మరీ నిటారుగా దించితే ఫ్రేము నీడ బొమ్మ మీద. ఫ్రేము నడిమధ్య నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చాలు. ఇప్పుడున్న ఎత్తుకు మెడలు పట్టేస్తున్నాయి. చెన్నై తేమకు గోడ చెమ్మ కాగితానికి ఎక్కకుండా ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు బిరడా ముక్కలు అతికించమని కూడా రాశాం. బిరడాకు కూడా టెండరు పిలవాలా అయ్యా?

ఇక పడమటి కిటికీకి ఎదురుగా మీరే వేలాడదీయించిన శ్రీకాళహస్తి కలంకారీ. దాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. సాయంత్రం ఎండ తిన్నగా దాని మీదే. సహజ రంగుల్లో ముందు పోయేది పసుపు. నీలిమందు మీద పసుపు పూసి తెచ్చిన ఆకుపచ్చ గనక, పసుపు ఎగిరిపోయి ఆకులన్నీ నీలంగా మిగిలాయి. రాముడి ఒంటికీ చెట్టుకూ ఇప్పుడు ఒకటే రంగు. ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన నల్లరంగు గీతల వెంట బట్ట పెళుసుబారుతోంది, కింది పట్టీలో తెలుగు అక్షరాలు అక్కడక్కడా చిట్లిపోయాయి కూడా. బట్టకైనా కాగితానికైనా మీద పడే వెలుతురు 50 లక్సు (వెలుతురు కొలత) మించకూడదని మ్యూజియంల లెక్క. కిటికీకి ఒక మందపాటి తెర కట్టించమన్నాం. ఎస్టిమేటు వేస్తున్నారట. ఎండ మాత్రం ఎస్టిమేటు కోసం ఆగడం లేదు.

కుర్చీల సంగతీ వినండి. వరసలుగా నేలకు బోల్టులు వేసి బిగించేశారు. కలంకారీని పది అడుగుల దూరం నుంచి ఒకసారి, అడుగు దూరం నుంచి ఇంకోసారి చూడాలి; కథ దూరానికి తెలుస్తుంది, కలం నడక దగ్గరికే తెలుస్తుంది. బిగించిన కుర్చీల్లో ఆ రాకపోకలు ఎలా కుదురుతాయి? పది మడతస్టూళ్లు చాలు. ఫ్యాను మోత గురించి ఇంకోసారి రాస్తాం.

1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ వెంట నడిచిన చిత్రకారులు బాటిక్‌లు (మైనం అద్దకం బట్టలు) అమ్ముకుని చెన్నై పక్కన ఇంజంబాక్కంలో సొంతంగా చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు. మేం స్థలం అడగడం లేదు, గ్రాంటూ అడగడం లేదు. తెర, దీపాలు, స్టూళ్లు. అన్నీ ఒకేసారి కుదరకపోతే తెర ముందు వేయించండి, ఈ వేసవి రాకముందే. అదీ కాదంటే కలంకారీని కిందికి దించి, మడత పెట్టకుండా గొట్టానికి చుట్టి, పైన నూలుబట్ట కప్పి ఉంచడానికి మాకు అనుమతి కాగితం ఇవ్వండి. చుట్టే పని మేమే చేసుకుంటాం.

ఇట్లు,
కళాచర్చకు వచ్చే చెన్నై తెలుగువాళ్లు