ఫ్లోరెన్స్ హోటల్ గురించి, ఆ లిఫ్ట్ గురించి, వచ్చే ట్రిప్ గురించి

అందరికీ నమస్కారం.

పోయిన అక్టోబరులో మాతో ఇటలీ వచ్చిన 14 మందికీ, వచ్చే ట్రిప్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్ళకీ, కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళకీ కలిపి ఇది రాస్తున్నాను. రోమ్, వెనిస్ బస గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఫ్లోరెన్స్‌లో మూడు రాత్రులు ఉన్న హోటల్ మీద మాత్రం ఐదు కుటుంబాలవాళ్ళు ఫోన్ చేసి బాధపడ్డారు. కొందరు కోప్పడ్డారు కూడా. విడివిడిగా అందరితో మాట్లాడాను. కానీ ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియకుండా ఉండకూడదని మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ముందు లిఫ్ట్ సంగతి. మేం పంపిన కాగితంలో "లిఫ్ట్ ఉంది" అని రాసింది నేనే. ఎలాంటి లిఫ్టో రాయలేదు. ఆ హోటల్ ఒక పాత పెద్ద ఇంట్లో రెండు, మూడు అంతస్తుల్లో ఉంటుంది. వీధి తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ముందు 16 రాతి మెట్లు. అవి ఎక్కాకే లిఫ్ట్ మొదలవుతుంది. నిలువు బీరువా అంత ఉంటుంది. ఇద్దరు మనుషులు పడతారు, లేదంటే ఒక మనిషీ ఒక సూట్‌కేసూ. బయట ఇనుప జాలీ తలుపు, లోపల రెండు సన్నటి చెక్క రెక్కలు. మూడింటినీ చేత్తో గట్టిగా దగ్గరికి వేస్తేనే కదులుతుంది. పైన దిగినవాళ్ళు రెక్క సరిగ్గా మూయకుండా వెళ్ళిపోతే, కింద ఎంతసేపు బటన్ నొక్కినా రాదు. శుక్రవారం రాత్రి మనం దిగగానే జరిగింది అదే. శనివారం సాయంత్రానికి అది నిజంగానే చెడిపోయింది. మెకానిక్ సోమవారం పొద్దున వచ్చాడు, అప్పటికి మనం సామాన్లు కిందికి దించుకుంటున్నాం.

రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ ఆ రెండు రాత్రులూ 72 మెట్లు ఎక్కి గదికి చేరారు. ఆవిడ చేతిసంచీ పట్టుకుని వెనకాలే నేనూ ఎక్కాను. మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా గోడకి చెయ్యి ఆనించి, కాసేపు ఆగి, "పర్లేదమ్మా, పద" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆవిడ ముఖంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు. వాళ్ళబ్బాయి నన్ను నమ్మి అమ్మని పంపించాడు. ఆ మెట్ల గురించి నేను ముందే ఒక్క వాక్యం రాసి ఉంటే వాళ్ళు వేరే ఏర్పాటు అడిగేవాళ్ళు. ఇందులో హోటల్‌వాళ్ళ తప్పు కొంచెమే, నాది ఎక్కువ.

రెండోది చలి. దీనికి కారణం నాకు తెలుసు, మీకు చెప్పలేదు. ఇటలీలో గదుల్ని వెచ్చబెట్టే హీటింగ్ ఎప్పుడు వెయ్యాలో ప్రభుత్వమే తేదీలు పెట్టింది. ఊరి వాతావరణాన్ని బట్టి దేశాన్ని మండలాలుగా విడదీశారు. ఫ్లోరెన్స్ ఉన్న మండలంలో మామూలుగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకి 12 గంటలు. మనం వెళ్ళింది అక్టోబరు మూడో వారం. ఆ మూడు రోజులూ వాన. రెండడుగుల మందం రాతిగోడలు, కాల్చిన మట్టి పలకల గచ్చు. ఎండాకాలంలో ఆ గోడలే గదిని చల్లగా ఉంచుతాయి, వానలో మాత్రం చలి ఎముకల్లోకి దిగుతుంది. మన విజయవాడవాళ్ళకి అది అలవాటు లేదు. హోటల్ నడిపే పెద్దావిడ ఇంట్లో ఉన్న రగ్గులన్నీ తెచ్చి ఇచ్చింది, రెండు కరెంటు హీటర్లు కూడా ఇచ్చింది. ఆ హీటర్లు నడుస్తుండగా ఒక గదిలో రైస్ కుక్కర్ పెట్టారు, ఇంకో గదిలో కెటిల్ పెట్టారు. అంతస్తంతా కరెంటు పోయింది. పక్క గదిలో ఉన్న వేరే దేశం దంపతులు టార్చి వేసుకుని బయటికి వచ్చారు. కుక్కర్ పెట్టినవాళ్ళని నేను ఏమీ అనను. మూడు రోజులు అన్నం లేక, పైగా చలి. గదుల్లో వంట కుదరదని ముందే గట్టిగా చెప్పాల్సింది నేను. ఇప్పుడు చెబుతున్నాను, కుక్కర్ తేవద్దు.

మూడోది, చివర్లో కౌంటర్ దగ్గర అడిగిన డబ్బు. అది హోటల్ లాభం కాదు, ఆ ఊరి మున్సిపాలిటీకి వెళ్ళే బస పన్ను. ఎన్ని నక్షత్రాల హోటలో దాన్ని బట్టి రేటు. మన రెండు నక్షత్రాల హోటల్‌కి మనిషికి రాత్రికి 4.50 యూరోలు పడింది. ఏడు రాత్రుల దాకానే వసూలు చేస్తారు, పన్నెండేళ్ళలోపు పిల్లలకి లేదు. "అన్నీ కలిపి" అని చెప్పి డబ్బు తీసుకున్నాక మళ్ళీ మీ చేత కట్టించడం తప్పు. ఆ డబ్బు అందరికీ తిరిగి పంపించేశాను. ఇంకా ఎవరికైనా రాకపోతే చెప్పండి. మెట్లెక్కిన ఆ కుటుంబానికి ఫ్లోరెన్స్ బస ఖర్చు మొత్తం వెనక్కి ఇచ్చాం.

పాస్‌పోర్టులు తీసుకుని లోపలికి వెళ్ళారని కంగారు పడినవాళ్ళకి ఒక మాట. ఇటలీలో ఏ హోటలైనా, ఎంత చిన్నదైనా, దిగినవాళ్ళ వివరాలు పోలీసులకి ఆన్‌లైన్‌లో పంపాలి. అందుకే తీసుకుంటారు, రాసుకుని ఇచ్చేస్తారు.

అలాగే రాత్రి దారి తప్పిన దంపతుల విషయం. ఫ్లోరెన్స్‌లో ఒకే వీధికి రెండు వరసల నంబర్లు ఉంటాయి. ఇళ్ళకీ హోటళ్ళకీ నలుపు లేదా నీలం, దుకాణాలకీ తినే చోట్లకీ ఎరుపు. ఒకే నంబరు రెండు వేరు వేరు చోట్ల ఉంటుంది. వాళ్ళు మూసేసిన తోలు సంచుల కొట్టు ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డారు, నంబరు సరిగ్గా అదే, రంగు ఎరుపు. ఇకమీదట చీటీలో రంగు కూడా రాసి ఇస్తాం.

ఇంత జరిగాక చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. అంతే డబ్బుకి ఊరి బయట నాలుగు నక్షత్రాల హోటల్ దొరుకుతుంది కదా, అక్కడ ఎందుకు పెట్టరు?

దొరుకుతుంది. జనవరిలో నేను ఒక్కదాన్నే వెళ్ళి విమానాశ్రయం వైపు అలాంటి హోటల్లో రెండు రాత్రులు ఉండి చూశాను. గది పెద్దది, లిఫ్ట్‌లో ఎనిమిది మంది పడతారు, టిఫిన్ బల్ల నిండా రకాలు. పొద్దున ట్రామ్ ఎక్కి పాత ఊళ్ళోకి వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంటకి కాళ్ళు లాగుతుంటే, గదికి వెళ్ళి కాసేపు నడుం వాల్చి వద్దామనిపించింది. వెళ్ళి రావాలంటే గంటన్నర. వెళ్ళలేదు. ఒక చర్చి మెట్ల మీద కూర్చున్నాను. నా వయసు 52. మన బృందంలో సగం మందికి 65 దాటింది. రెండో రోజు సాయంత్రం ఆరింటికే తిరిగి వెళ్ళిపోయి గదిలో టీవీ చూశాను. కిటికీలోంచి చూస్తే పెట్రోల్ బంకు, రోడ్డు.

మన హోటల్ నుంచి ఉఫిజీ మ్యూజియం పన్నెండు నిమిషాల నడక. పొద్దున చూసి, గదికి వచ్చి, పడుకుని, అయిదింటికి తేలిగ్గా మళ్ళీ బయల్దేరారు మీరందరూ. మ్యూజియంలో బాత్రూం వరసలో నిలబడాల్సిన పని లేకపోయింది. బాత్రూం మాటొచ్చింది కాబట్టి, అక్కడ కమోడ్ పక్కన ఉండే చిన్న తొట్టి కడుక్కోవడానికే. ఇళ్ళలో అది ఉండి తీరాలని 1975 నాటి నిబంధన. హోటళ్ళలోనూ దాదాపు అంతటా ఉంటుంది. అది చూసి మనవాళ్ళ మొహాలు వెలిగిపోవడం ప్రతి ట్రిప్‌లోనూ చూస్తాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆదివారం పొద్దున ఏడుంపావు, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కాఫీ కోసం కిందికి దిగితే నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు గారు అప్పటికే వీధిలో ఉన్నారు. ఇద్దరం నడుచుకుంటూ పెద్ద చర్చి దగ్గరికి వెళ్ళాం. పగలు అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. అప్పుడు రోడ్డు ఊడ్చే బండి ఒకటి, పావురాలు, మేము. ఆ చర్చి మీది పెద్ద గుమ్మటం కట్టిన బ్రునెలెస్కి విగ్రహం దక్షిణం వైపు, చర్చికి ఎదురుగా ఉన్న భవనం గోడలో ఉంది. ఒళ్ళో నక్షా పెట్టుకుని, తల పైకెత్తి తను కట్టిన గుమ్మటాన్నే చూస్తుంటాడు. ఇంజనీరు గారు సరిగ్గా దాని కింద నిలబడి అదే కోణంలో తల ఎత్తారు. 1420లో మొదలుపెట్టి 1436లో ముగించారు, అడుగున అడ్డంగా 45 మీటర్ల దాకా ఉంటుంది, కింద నుంచి సెంట్రింగ్ లేకుండా లేపారు అని చెప్పాను. "సెంట్రింగ్ లేకుండానా?" అని నా వైపు తిరిగారు. ఇటుకల్ని చేపముల్లు వరసలో ఒకదానికొకటి పట్టు ఇచ్చేలా పేర్చుకుంటూ పోయారని, ఒక్కో వరసా గుండ్రంగా పూర్తయ్యాక తన బరువు తనే మోసుకునేదని నాకు తెలిసినంత చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మేం కాలవ మీద చిన్న వంతెన స్లాబు వేసినా సెంట్రింగ్ విప్పేదాకా నిద్ర పట్టేది కాదమ్మా" అన్నారు. పైకి ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు. ఆయన టికెట్ తీసుకోలేదు. మిగతా రెండు పూటలూ ఖాళీ దొరికినప్పుడల్లా అక్కడికే వెళ్ళి నిలబడ్డారు. మంచం దిగి ఐదు నిమిషాల్లో అక్కడ ఉండగలిగారు కాబట్టే కుదిరింది.

అందుకని పాత ఊరు వదలం. కానీ వచ్చే ట్రిప్‌కి కొన్ని మారుస్తున్నాం.

అదే వీధిలో, వీధి గుమ్మం నుంచే లిఫ్ట్ ఉన్న ఇంకో చిన్న హోటల్ చూశాను. పైకీ కిందికీ పదిసార్లు ఎక్కి దిగాను, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుంది. అందులో మూడు గదులు మన పేరు మీద పెట్టుకున్నాం. గదికి రాత్రికి 31 యూరోలు ఎక్కువ. 65 దాటినవాళ్ళకీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ ఆ తేడా మేమే పెట్టుకుంటాం. మిగతావాళ్ళు మన పాత హోటల్లోనే, 72 మెట్లు ఎక్కగలమని అనుకుంటేనే. లిఫ్ట్ బాగుచేశారు, కానీ ఆ లిఫ్ట్‌ని నమ్ముకుని రావద్దు.

తేదీలు ముందుకి జరిపాం, అక్టోబరు మొదటి వారం. అప్పుడు గదుల ధర ఎక్కువే, గదికి 22 యూరోలు పెరిగింది. వాన రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ రాత్రుళ్ళు అంత చలి ఉండదు. మునుపటిలాగే శుక్రవారం దిగి సోమవారం బయల్దేరతాం, ఉఫిజీ, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా రెండూ సోమవారం మూసేస్తారు కాబట్టి.

స్టేషన్ నుంచి హోటల్ దాకా పెట్టెలు లాగించడం ఇక ఉండదు. ఆ రాతిపలకల దారిలో ఒకరి సూట్‌కేసు చక్రం ఊడిపోయింది. పాత ఊళ్ళోకి మన బస్సు నేరుగా రాలేదు. అనుమతి లేని బండ్ల నంబరు ప్లేట్లు కెమెరాలు పట్టేస్తాయి, జరిమానా ఇంటికి వస్తుంది. టాక్సీలకి మాత్రం అనుమతి ఉంది. సామాన్ల కోసం రెండు పెద్ద టాక్సీలు మాట్లాడుతున్నాం.

భోజనం విషయంలో గొప్పలు చెప్పను. పొద్దున ఆ హోటల్లో ఇచ్చేది కాఫీ, తీపి బన్ను, జామ్, రొట్టె. అంతే. అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు, మర్చిపోలేదు, ఆ ప్రాంతం పద్ధతే అది. ఆవకాయ సీసా తెచ్చుకున్నవాళ్ళకి ఆ రొట్టె బాగా కలిసొచ్చింది. శాకాహారులకి రిబొల్లీటా అని రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర వేసి చేసే చిక్కటి పులుసు, టమాటా, రొట్టె కలిపి చేసే ఇంకోటి దొరుకుతాయి. మాంసం మరిగించిన నీళ్ళు పోశారా అని ప్రతిచోటా అడిగి మీకు చెబుతాను. వీధి బండ్ల మీద లాంప్రెదొత్తో అని రాసుంటే అది ఆవు పొట్ట భాగం, తెలియక కొనకండి. తాగునీరు కొనక్కర్లేదు, కుళాయి నీళ్ళు మంచివే. పాత మున్సిపల్ భవనం దగ్గర ఉచితంగా సీసా నింపుకోవచ్చు.

ఇవన్నీ కలిపితే మనిషికి రూ. 2,65,000 ఉన్నది రూ. 2,78,000 అవుతుంది. బస పన్ను ఇందులోనే ఉంది. అడ్వాన్స్ కట్టినవాళ్ళకి పాత ధరే, ఈ తేడా మీ దగ్గర అడగను. ఇవి చదివాక మానేద్దామనుకుంటే ఈ నెల 25లోపు మావారికి గానీ నాకు గానీ ఒక్క ఫోన్ చెయ్యండి, అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇస్తాం, కారణం చెప్పక్కర్లేదు. వస్తామనేవాళ్ళు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో నిజం చెప్పండి. గదులు ఆ లెక్క మీదే ఇస్తాను. మెట్ల ఫోటోలు, లిఫ్ట్ ఫోటో, గది ఫోటోలు జనవరిలో తీసినవి పంపుతున్నాను. గది మంచానికీ గోడకీ మధ్య ఎంత చోటుందో తెలియడానికి అక్కడ నా సూట్‌కేసు పెట్టి తీశాను, చూడండి.