యాజమాన్య నిబంధనలు సడలితే ఊరి వార్త ఏమవుతుంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

నెక్స్‌టార్ అనే టెలివిజన్ సంస్థ, టెగ్నా అనే మరో సంస్థను 620 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు 2025 ఆగస్టులో ప్రకటించింది. చాలామందికి ఇది వాణిజ్య పేజీలో చదివి వదిలేసే సంగతిగానే కనిపించి ఉంటుంది. నెక్స్‌టార్ ప్రధాన కార్యాలయం ఉన్న టెక్సస్‌లోని ఇర్వింగ్ నగరంలోనే నేను పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడా, చుట్టుపక్కల ఊళ్లలోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. మేము ఉంటున్న ఊరి గురించి మాకు తెలిసేదెంత, తెలియకుండా పోయేదెంత అన్నది ఈ కొనుగోలుతో ముడిపడి ఉంది కనుకనే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ ప్రకటన నాటికి ఉన్న నిబంధనల కింద ఈ కొనుగోలు సాధ్యం కాదు. ఒకే సంస్థకు చెందిన టీవీ ప్రసార కేంద్రాలు దేశంలో టీవీ ఉన్న ఇళ్లలో 39 శాతానికి మించి చేరరాదని 2004లో అమెరికా కాంగ్రెస్ పరిమితి విధించింది. రెండు సంస్థలూ కలిస్తే 265 కేంద్రాలతో 80 శాతం ఇళ్లకు చేరతామని నెక్స్‌టారే ప్రకటించింది. అంటే పరిమితిని తొలగించాలని గానీ, తమకు మినహాయింపు ఇవ్వాలని గానీ ఆ సంస్థ కోరక తప్పదు. మరోవైపు, ఒక్కో ఊళ్లో ఒకే యజమాని ఎన్ని కేంద్రాలు ఉంచుకోవచ్చో చెప్పే నిబంధనలను సమీక్షించేందుకు అమెరికాలో ప్రసార రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) 2025 సెప్టెంబరు చివర్లో నిర్ణయించింది.

ఈ సడలింపుల పర్యవసానం ఎలా ఉంటుందో ఊహించనక్కర లేదు, మూడు దశాబ్దాల అనుభవమే కళ్ల ముందుంది. 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టానికి ముందు ఒక సంస్థ దేశం మొత్తం మీద 40 రేడియో కేంద్రాలకు మించి ఉంచుకునేందుకు వీలుండేది కాదు. ఆ చట్టం జాతీయ పరిమితిని పూర్తిగా తీసివేసింది. కొద్ది సంవత్సరాల్లోనే క్లియర్ ఛానెల్ అనే ఒక్క సంస్థ చేతిలోకి 1,200కు పైగా కేంద్రాలు వచ్చాయి. ఉత్తర డకోటా రాష్ట్రంలోని మైనాట్ అనే చిన్న పట్టణంలో ఉన్న ఆరు వాణిజ్య రేడియో కేంద్రాలూ ఆ సంస్థవే అయ్యాయి. 2002 జనవరి 18న, అర్ధరాత్రి దాటాక, ఆ పట్టణం అంచున ఒక సరుకు రైలు పట్టాలు తప్పి, ట్యాంకర్లు పగిలి, అన్‌హైడ్రస్ అమ్మోనియా వాయువు ఇళ్ల మీదికి కమ్ముకొచ్చింది. ఎరువుగా వాడే ఆ రసాయనం ఊపిరితిత్తులను ఎలా కాల్చేస్తుందో రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కర లేదు. ఏం చేయాలో తెలియక జనం రేడియో పెడితే, ఎక్కడో తయారైన కార్యక్రమమే వినిపిస్తూ ఉంది. హెచ్చరిక ప్రసారం చేయించేందుకు పోలీసులు ఫోన్ చేస్తే కేంద్రంలో ఎత్తేవారు దొరకలేదు. అత్యవసర హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగా వాడలేదని సంస్థ వాదించింది, ఆ వాదనలో కొంత నిజం ఉండవచ్చు కూడా. అయినా పిలిస్తే పలికే మనిషి ఆ ఆరు కేంద్రాల్లో ఒక్కదానిలోనైనా దొరికి ఉంటే యంత్రం సంగతి అంత ముఖ్యమయ్యేది కాదు. ఆ రాత్రి ఒకరు చనిపోయారు, వందలాది మంది అస్వస్థులయ్యారు.

ఆ అనుభవం తర్వాత నిబంధనలు బిగుస్తాయని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి వ్యతిరేకం. ప్రతి కేంద్రానికీ తాను సేవలందించే ప్రాంతంలోనే ప్రధాన స్టూడియో ఉండాలన్న, దాదాపు ఎనభై ఏళ్ల నాటి నియమాన్ని 2017 అక్టోబరులో ఎఫ్‌సీసీ రద్దు చేసింది. మరుసటి నెలలోనే, ఒకే ఊళ్లో దినపత్రికా, ప్రసార కేంద్రమూ రెండూ ఒకరి చేతిలోనే ఉండరాదన్న 1975 నాటి నియమాన్నీ తీసివేసింది. అప్పుడు కమిషన్‌కు అధ్యక్షుడు భారత సంతతికి చెందిన అజిత్ పాయ్. ఇంటర్నెట్ కాలంలో ఈ నియమాలు పాతబడ్డాయన్నది ఆయన వాదన. ఆ రెండో నిర్ణయం అసమంజసం కాదని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. చట్టరీత్యా సరైనదై ఉండవచ్చు, దానివల్ల ఊరికి మేలు జరిగిందని అర్థం కాదు.

పెద్ద సంస్థ చేతికి వెళ్లిన కేంద్రం పేరు మారదు, తెర మీది ముఖాలు కూడా వెంటనే మారవు, అందుకే మార్పు మనకు తెలియదు. 2018 మార్చిలో సింక్లెయిర్ అనే మరో టీవీ సంస్థకు చెందిన పదుల కొద్దీ కేంద్రాల్లో వార్తలు చదివేవారు పైనుంచి వచ్చిన ఒకే పాఠాన్ని పొల్లుపోకుండా చదివారు. అవన్నీ పక్కపక్కన పెట్టిన వీడియో బయటికి వచ్చే దాకా, తమ ఊరి మనిషి తమతో మాట్లాడుతున్నాడనే ప్రేక్షకులు నమ్మారు. అదే సంస్థ 2017లో కొన్న కేంద్రాలను గమనించిన ఇద్దరు పరిశోధకులు, కొనుగోలు తర్వాత ఆ కేంద్రాల్లో జాతీయ రాజకీయాల వార్తలు పెరిగి, ఆ మేరకు స్థానిక రాజకీయాల వార్తలు తగ్గాయని 2019లో నిరూపించారు. వాషింగ్టన్ గురించి ఒక్కసారి తయారుచేసిన కథనాన్ని వంద చోట్ల వేసుకోవచ్చు. నగరపాలక సమావేశంలో కూర్చుని రాసిన వార్త ఆ ఊరికి తప్ప మరెక్కడా పనికిరాదు. ఖర్చు లెక్కలు వేసేవారికి కోత పెట్టడానికి మొదట కనిపించేది ఆ రెండో వార్తే. టెగ్నా కొనుగోలు వల్ల ఏటా 30 కోట్ల డాలర్లు కలిసివస్తాయని నెక్స్‌టార్ చెప్పింది, అందులో ఒక భాగం ఖర్చు తగ్గింపే. డెన్వర్, సెయింట్ లూయిస్ వంటి నగరాల్లో ఈ రెండు సంస్థలకూ ఆ ప్రకటన నాటికి వేర్వేరు వార్తా విభాగాలుండేవి. ఒకే యజమాని కిందికి వచ్చాక రెంటినీ విడివిడిగా ఎందుకు నడుపుతారు?

మా ఊరి సంగతే చెబుతాను. లాస్ వేగాస్ శాండ్స్ సంస్థ ఇర్వింగ్‌లో, పాత టెక్సస్ స్టేడియం ఉన్న చోటికి దగ్గర్లో, కాసినోకు వీలు కల్పించే ప్రతిపాదన తెచ్చింది. 2025 మార్చిలో నగర ప్రణాళికా సంఘం ముందుకు అది వచ్చినప్పుడు జనం పెద్ద సంఖ్యలో వచ్చి అభ్యంతరం చెప్పారు. కొద్ది రోజుల్లోనే సంస్థ కాసినో అంశాన్ని ఉపసంహరించుకుంది. కాసినో మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సమావేశం ఏ తేదీన ఉందో, ఏ సర్వే నంబరు భూమికి ఏ అనుమతి అడుగుతున్నారో నాకు తెలిసింది స్థానిక విలేకరుల వల్లే. 2019 అక్టోబరు 20 రాత్రి ఉత్తర డాలస్ మీదుగా పెద్ద సుడిగాలి వెళ్లినప్పుడు కూడా, ఏ వీధి దాటి ఏ వీధి వైపు వస్తోందో చెబుతూ ఉన్నది ఈ ప్రాంతపు వాతావరణ విలేకరులే. పిల్లలను స్నానాల గదిలో కూర్చోబెట్టుకుని ఆ మాటలే వింటూ గడిపాము. ఆ సుడిగాలిలో ఇళ్లు కూలాయి గానీ ప్రాణ నష్టం జరగలేదు.

యజమానుల వాదనను కొట్టిపారేయను. ప్రకటనల ఆదాయం గూగుల్, ఫేస్‌బుక్‌ల పాలైందన్న మాట నిజమే. 2005 నుంచి అమెరికాలో 3,200కు పైగా పత్రికలు మూతపడటమో, మరొకదానిలో కలిసిపోవడమో జరిగింది, ఆ నష్టం అంతా యాజమాన్య నిబంధనల వల్ల కాదు. పైగా నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి మా డాలస్‌లోనే ఉంది. డాలస్ మార్నింగ్ న్యూస్ పత్రికా, డబ్ల్యూఎఫ్ఏఏ టీవీ కేంద్రమూ 1975 నియమం నుంచి మినహాయింపు పొంది చాలా కాలం బెలో అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. అయినా రెండూ మంచి పేరే తెచ్చుకున్నాయి. అయితే ఆ యజమానులు ఈ ఊళ్లోనే బతికిన వాళ్లు. 2025లో పత్రికను అమ్మేటప్పుడు కూడా, ఎక్కువ ధర ఇస్తామన్న హెడ్జ్ ఫండ్ (లాభాల కోసం నడిచే పెట్టుబడి నిధి) అనుబంధ సంస్థను కాదని హర్స్ట్ అనే మీడియా సంస్థకు అమ్మారు. ఊరి మీద అటువంటి మమకారం అన్ని చోట్లా దొరకదు కనుకనే నిబంధన ఉండాలి.

ఇక మన దేశం విషయానికి వస్తే, సడలించడానికి అసలు పత్రికకూ టీవీ ఛానెల్‌కూ ఒకే యజమాని ఉండరాదనే నిబంధన మనకు లేనే లేదు. పత్రికా, టీవీ ఛానెలూ, కేబుల్ పంపిణీ ఒకే చేతిలో పోగుపడటంపై అధ్యయనాన్ని కేంద్రం 2009లో మన హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ చేతనే చేయించింది. 2014 ఆగస్టులో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ స్పష్టమైన సిఫార్సులు చేసింది: పత్రికలూ టీవీ రంగాల్లో ఒకే యజమాని ఆధిపత్యాన్ని ప్రతి భాషా మార్కెట్‌లోనూ కొలవాలని, రాజకీయ పక్షాలను ప్రసార రంగానికి దూరంగా ఉంచాలని చెప్పింది. 2022లో మళ్లీ ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. చట్టం మాత్రం రాలేదు. ఏ ఛానెల్ ఏ పార్టీదో చిన్న పిల్లలు కూడా చెప్పగలిగే తెలుగు రాష్ట్రాల్లో ఈ సిఫార్సుల గురించి జరగవలసినంత చర్చ జరగలేదన్నది నా బాధ. మాది తెనాలి. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, దుగ్గిరాల యార్డులో పసుపు ఎంత పలికిందో చదవడానికే మా నాన్నగారు ముందుగా జిల్లా పేజీ తిప్పేవారు. ఆ వార్త పంపిన మండల విలేకరికి నెల జీతం ఉండేది కాదు, అచ్చయిన వార్త పొడవును బట్టి సెంటీమీటర్ల లెక్కన వచ్చే కొద్ది డబ్బే. యజమానుల మధ్య పోటీ తగ్గితే ఆ కొద్ది డబ్బు కూడా ఎవరూ ఇవ్వరు.

మీ పత్రికకు నావి రెండు విన్నపాలు. ట్రాయ్ 2014 సిఫార్సులను తెలుగులో, అందరికీ అర్థమయ్యేటట్లు, సంపూర్ణంగా ప్రచురించండి. మీ పత్రికకు ఇబ్బంది కలిగించే అంశాలు అందులో ఉంటే వాటిని కూడా దాచకండి. ఎఫ్‌సీసీ సమీక్షలో అభిప్రాయం చెప్పే వీలు సామాన్యులకు కూడా ఉంటుందని, అందుకు పౌరసత్వం అక్కర లేదని అమెరికాలో మీ పత్రిక చదివే తెలుగువారికి తెలియజేయండి. మైనాట్ సంగతి, మా కాసినో సంగతి, ఆ అక్టోబరు రాత్రి సంగతి రాసి నా అభిప్రాయాన్ని ఈ వారమే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సస్,
2025 నవంబరు